బుగ్గారం మేకలు

12 జూన్ 2023, సోమవారం

ఈ డైరీ అట్ట మీద నా ఫొటోనే ఉంది. సఫారీ వేసుకుని, చేతులు కట్టుకుని, పక్కన లక్ష్మీదేవి. కొత్త సంవత్సరానికి నా ఫైనాన్స్ పేరు మీద రెండు వందలు అచ్చు వేయించి కోరుట్లంతా పంచాను. మిగిలింది ఇదొక్కటే. ఇవాళ ఎందుకు తెరిచానంటే, మాట్లాడటానికి మనిషి లేడు. సుశీలతో చెప్పొచ్చు. కానీ సుశీల ప్రశ్నలు వేస్తుంది. కాగితం వేయదు.

సంగతి పెద్దదేం కాదు. మేకల కంపెనీ ఈ నెల డబ్బు ఇంకా వేయలేదు. కరీంనగర్ బ్రాంచి చూసే నరేశ్ ఫోన్ ఎత్తడం లేదు. సర్వర్ మారుస్తున్నామని గ్రూపులో మెసేజి పెట్టారు. సర్వర్ అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, పొద్దుటి నుంచి ముప్పై మందికి అదే మాట చెప్పి ధైర్యం ఇచ్చాను.

మా నాయన మొగిలయ్య మల్లాపూర్‌లో తాటిచెట్లు గీశాడు. చెట్టును చేత్తో తట్టి ఎన్ని లొట్ల కల్లు పారుతుందో చెప్పేవాడు. నేను మనుషుల్ని అట్లా చూసేవాణ్ని. ఇరవై ఆరేళ్లు దుబాయి, మస్కట్ పోయేవాళ్లకు వీసా ఖర్చుకు అప్పులిచ్చాను, మూడు రూపాయల మిత్తికి. ముఖం చూసి ఇచ్చాను, ఒక్కడూ ఎగ్గొట్టలేదు. "జలపతి సేటు నజర్ తప్పదు" అనేవాళ్లు. అలాంటి నజర్ ఉన్నవాణ్ని, బుగ్గారం ఫారంలో నలభై మేకల్ని చూసి నాలుగు వందలు కొన్నాను. మిగతావి మహారాష్ట్రలో మేస్తున్నాయన్నారు. పది మేకలకు లక్ష, నెలకు ఐదు వేలు మన ఖాతాలో. నన్ను చూసి ఇంకో నూట పది మంది కొన్నారు.

రేపటికి సర్వర్ అయిపోతుంది.

14 జూన్

ఫోన్‌లో కంపెనీ యాప్ మాత్రం పనిచేస్తోంది. అందులో నా మేకలు ఇంకో మూడు ఈనాయి.

17 జూన్

కరీంనగర్ పోయాను. ఆఫీసుకు తాళం. కింద జిరాక్స్ షాపాయన, సామాన్లు తీసుకుపోయి పది రోజులైందన్నాడు. రిపేరు చేయిస్తున్నారేమో. ఏసీ బాగా లేదని నరేశ్ ఎప్పుడూ అనేవాడు.

ఇంటికొచ్చి సుశీలకు అదే చెప్పాను. ఆమె నా ముఖం చూసి, పప్పులో తాలింపు వేసింది.

20 జూన్

బుగ్గారం పోయాను. ఫారం రేకుల షెడ్డు అట్లాగే ఉంది. లోపల ఒక్క మేక లేదు. బోర్డు కూడా లేదు. దాన్ని కట్టిన నాలుగు బొంగులున్నాయి.

పక్క చెల్కలో ఒకాయన మేకల్ని మేపుతున్నాడు. పేరు కొమురెల్లి. ఫారం మేకలేమయ్యాయని అడిగాను.

"గవ్వే ఇవి," అన్నాడు.

ప్రాణం లేచి వచ్చింది. కంపెనీ మేకలు ఇక్కడే ఉన్నాయన్నమాట అన్నాను.

"కంపెనీయి కావు, నాయి. మీటింగున్నప్పుడు తోలుకరమ్మంటుండె గా నరేశ్ సారు. దినానికి మూడు వేలు. మీటింగ్ అయినంక నేను తోలుకపోదును."

మరి మీటింగులో వాటి చెవులకున్న కంపెనీ పసుపు బిళ్లలు ఎవరు కొట్టారని అడిగాను. అవి కట్టుడు బిళ్లలేనట. మీటింగు అయ్యాక విప్పి డబ్బాలో వేసేవారట. కొమురెల్లి నన్ను కొంచెం సేపు ఎగాదిగా చూశాడు.

"మీరు ముందుగాల గూడ వచ్చిండ్రు గద. మైకు పట్టుకొని మంచిగ మాట్లాడిండ్రు. నేను గూడ ఒక లచ్చ కడదామనుకున్న, మా ఇంటిది వద్దన్నది."

జనవరిలో రెండు బస్సుల్లో జనాన్ని ఎక్కించుకుపోయి నేనే ఆ ఉపన్యాసం ఇచ్చాను. "బ్యాంకులో డబ్బు నిద్రపోతుంది, మేక మీద డబ్బు మేస్తుంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాట నాకే బాగా నచ్చి, ఇంటికొచ్చి సుశీలకు మళ్లీ చెప్పాను కూడా.

కొమురెల్లి మేకలకే నా విలువ తెలిసినట్టుంది. నా వైపు ఒక్కటీ చూడలేదు.

24 జూన్

ఇంటి ముందు జనం. పొద్దున ఏడింటికి మొదలైతే మధ్యాహ్నం దాకా. కొందరు తిట్టారు. ఒకాయన నా సఫారీ ఫొటో ఉన్న డైరీని నా ముఖానే విసిరాడు. నేను కూడా మునిగానయ్యా, నావి నాలుగు వందల మేకలు పోయాయి అని అందరికీ చెప్పాను. అది నిజమే. అందుకే గట్టిగా చెప్పగలిగాను.

లక్ష్మవ్వ కూడా వచ్చింది, తిట్టడానికి కాదు. అరుగు చివర చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంది. పనీ పోకుండా, డబ్బూ పోకుండా చూసుకుందామని వచ్చినట్టుంది. భర్త పోయాక బీడీల మీదే కొడుకును పెంచింది. ఆ కొడుకు వినోద్‌ను ఎనిమిదేళ్ల కింద నా అప్పుతోనే మస్కట్ పంపింది. ఏడాదిన్నరలో అణాపైసలతో కట్టేశారు. ఎనిమిదేళ్ల అతని సంపాదన తొమ్మిది లక్షలు. మల్లాపూర్ తోవలో ఇరవై గుంటలు బేరమాడుకున్నారు. వాళ్ల వంశంలో మొదటి భూమి. అమ్మేవాళ్ల అన్నదమ్ముల తగాదాతో రిజిస్ట్రేషన్ ఆగింది. అందాకా డబ్బు బ్యాంకులో నిద్రపోవడమెందుకని నేనే

ఆమె దగ్గర తీసుకున్నది మే 29న. కంపెనీ మూసింది జూన్‌లో. మేలో నాకేం తెలుసు?

25 జూన్

మేలో నాకేం తెలుసు.

30 జూన్

సుశీల సిరిసిల్ల పోయింది, తమ్ముడు రవీందర్ ఇంటికి. అతనికి పన్నెండు మరమగ్గాలున్నాయి. నేను తర్వాత వస్తానని, ముందు కరీంనగర్‌లో వకీలును చూడాలని చెప్పాను. ఆమె చీరలు సర్దుకుంటూ, ఏ వకీలని అడిగింది. పేరు తట్టలేదు. పెద్ద వకీలు అన్నాను.

నేను పారిపోవడం లేదు. నాలుగు రోజులు ప్రశాంతంగా ఆలోచించుకోవాలి, అంతే. బస్టాండుకు పోతే ముందు వచ్చిన బస్సు వేములవాడది. ఎక్కాను. లాడ్జిలో పేరడిగితే నోటికి మా నాయన పేరే వచ్చింది. మొగిలయ్య. బతికున్నన్నాళ్లూ ఒక్క అబద్ధం ఆడని మనిషి పేరు.

3 జూలై, సోమవారం

చుట్టుపక్కల ఇంతకంటే తెలివితక్కువ దాపు ఇంకోటి లేదు. సోమవారం కదా, రాజన్న దర్శనానికి కోరుట్ల సగం ఇక్కడే ఉంది. చాయ్ తాగుదామని దిగితే మెట్ల కింద మా కిరాణా షాపాయన కుటుంబం. వెనక్కి తిరిగి పైకి పరిగెత్తి పొద్దంతా గదిలోనే ఉన్నాను. ఆకలికి తాళలేక ఎవరో వదిలేసి పోయిన ప్రసాదం లడ్డూ తిన్నాను. చీమలు ముందు తిన్నాయి, నేను తర్వాత.

మనుషుల్ని చూసి తప్పుకోవాలంటే మనుషులు రాని ఊరు చూసుకోవాలని ఇరవై ఆరేళ్ల అనుభవమున్న ఫైనాన్షియర్‌కు తట్టలేదు.

9 జూలై

చేతిలో డబ్బు అయిపోయింది. లాడ్జి మేనేజర్ భూమయ్యకు చేతి ఉంగరం ఇవ్వబోయాను. తీసుకోలేదు. కౌంటర్ మీద రాసే మనిషి ఊరికి పోయాడట.

"నీ అసలు పేరేందో నాకెందుకన్నా. రాత మంచిగున్నది. కూసొని వచ్చిపొయ్యేటోళ్ల పేర్లు రాయి. రూమూ, తిండీ."

కూర్చున్నాను. మూతికి మాస్కు, నెత్తికి మంకీ టోపీ. జూలైలో మంకీ టోపీ పెట్టుకున్నవాణ్ని ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. గుర్తుపట్టరు గానీ అందరూ చూస్తారు.

18 జూలై, మంగళవారం

లక్ష్మవ్వ వచ్చింది.

నిన్న వాళ్ల వాడకట్టు పిల్ల ఎవరో మొక్కు కోడెను కట్టడానికి వచ్చి, టోపీలో నన్ను చూసిందట. పొద్దున మొదటి బస్సుకు లక్ష్మవ్వ తానే వచ్చేసింది. కౌంటర్ ముందు నిలబడి, "సేటూ, జర పక్కకు వస్తవా," అంది. అరవలేదు. భూమయ్య మమ్మల్ని మెట్ల కింద బెంచీ దగ్గర వదిలి పోయాడు.

డబ్బు గురించి అడుగుతుందనుకుని, కోర్టులో కేసు వేస్తున్నామని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

వినోద్ మస్కట్ వదిలేసి వచ్చేస్తున్నాడు. కంపెనీకి నోటీసు ఇచ్చేశాడు. వచ్చి ఆ ఇరవై గుంటలు రాయించుకుని, కూరగాయలు పెట్టుకుంటాడట. వీసా రద్దు కాగితం మీద ఈ నెల 25న సంతకం పెట్టాలి. పెట్టాడంటే ఆ పని పోయినట్టే. ఇక్కడ డబ్బు బ్యాంకులోనే ఉందనుకుంటున్నాడు.

"నా నోటికి వస్తలేదు సేటూ. రోజు ఫోన్ జేస్తడు. అవ్వా, భూమి తానికి పోయి చూసినవా అంటడు. చూసిన బిడ్డా అంట. నువ్వే చెప్పాలె. నువ్వు చెప్తే ఇంటడు. అక్కడన్న పని నిలవడుతది."

చెప్తానన్నాను. ఇవాళే చెప్తానన్నాను.

లేచి పోతూ ఆగింది. "నువ్వు గూడ మునిగినవంటగద. సుశీలమ్మ తమ్ముని మగ్గాల కాడ కండెలు చుడుతున్నదని ఇన్న. పాపం," అంది.

పాపం అన్నది. నన్ను.

19 జూలై

వినోద్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

20 జూలై

నిన్న రాసింది సరిగా రాయాలి. ఒక్కసారి చేశాను. రింగు పోకముందే కట్ చేశాను.

21 జూలై

వాన. సిగ్నల్ లేదు.

22 జూలై

సిగ్నల్ ఉంది.

23 జూలై, ఆదివారం

కౌంటర్ దగ్గర ఒక ముసలాయన తన పేరు రాసుకోమని రెండు సార్లు చెప్పాడు. నేను రిజిస్టర్‌లో వినోద్ అని రాశాను. కొట్టేసి ఆయన పేరు రాసిచ్చి, గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను.

మే 26న నరేశ్ నన్ను కరీంనగర్ పిలిచాడు. పై నుంచి డబ్బు ఆగిపోయిందన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. పది లక్షల దాకా కొత్త డిపాజిట్లు తెస్తే నాకు రావాల్సిన దాంట్లో మూడు లక్షలు విడిపిస్తానన్నాడు. పాతవాడికి ఇవ్వడానికి కొత్తవాడి డబ్బు కావాలంటే ఆ దుకాణం పని అయిపోయినట్టే. ఇది తెలియడానికి ఇరవై ఆరేళ్లు ఫైనాన్స్ చేయనక్కర్లేదు, ఇరవై ఆరు రోజులు చాలు. నాకు తెలుసు. అక్కడే, ఆ ఏసీ కిందే తెలుసు. ఏసీ బాగానే పనిచేస్తోంది.

మూడో రోజు లక్ష్మవ్వ ఇంటికి పోయాను. మూడు లక్షలు వచ్చాయి. ఆ డబ్బుతో రైస్ మిల్లు ఆయన దగ్గర తెచ్చిన చేబదులు కట్టి నా పరువు నిలబెట్టుకున్నాను. పరువు పంతొమ్మిది రోజులు నిలిచింది.

నేనూ మునిగానని అందరితో అంటున్నాను. మునిగేవాడు పక్కవాడి కాలు పట్టుకుంటాడు, సహజం. నేను పట్టుకున్నది కాలు కాదు. ఒడ్డున కూర్చుని బీడీలు చుట్టుకుంటున్న మనిషిని చెయ్యిపట్టి నీళ్లలోకి పిలిచాను.

రాస్తే తేలిక అవుతుందనుకున్నాను. కాలేదు. రేపు సోమవారం. ఎల్లుండి 25.

24 జూలై, సోమవారం

మధ్యాహ్నం వాళ్ల తిండి వేళ చూసుకుని చేశాను. ఈసారి కట్ చేయకుండా ఫోన్‌ను బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాను. రెండు రింగులకే ఎత్తాడు.

"సేటూ, బాగున్నవా? అవ్వ మంచిగున్నదా?"

బాగుందన్నాను. రేపు ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దన్నాను. ఎందుకన్నాడు. ఆగితే మళ్లీ చెప్పలేనని ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. మీ అవ్వ డబ్బు బ్యాంకులో లేదు, నేనే తీయించాను, మేకల కంపెనీలో పెట్టించాను, కంపెనీ లేదు, మేకలు కూడా లేవు.

అవతల ఏదో మిషన్ మోత.

"ఎంత పోయింది?"

"మొత్తం."

"కంపెనీ మునుగుతదని నీకు ఎప్పుడు ఎరుకైంది?"

అందరూ ఎంత పోయిందో, ఎప్పుడొస్తుందో అడిగారు. ఈ ప్రశ్న నెలన్నరలో ఒక్కరూ అడగలేదు. జూన్ అని చెప్పొచ్చు. నోట్లో జూన్ దాకా వచ్చింది కూడా.

"మీ అవ్వ దగ్గర తీసుకునుడుకు మూడు దినాల ముందుగాల్నే," అన్నాను.

ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. అతని ఊపిరి వినిపిస్తోంది. ఏడుస్తున్నాడేమో తెలియదు. తిడితే బాగుండేది. కోరుట్లలో తిన్నన్ని తిట్లలో ఇదొకటి కలిసిపోయేది.

"గీ మాట పోలీసుల ముందట అంటవా?"

"అంట."

"నరేశ్ పేరు జెప్పి?"

"నరేశ్ పేరు జెప్పి. నా పేరు జెప్పి."

"అయితే అను. ఎవడన్న ఒక్కడు తెలిసే చేసినం అని ఒప్పుకోకుంటే, అందరు మునిగినోళ్లే అయితరు. ముంచినోడు ఎవడు గాడు." తర్వాత, "అవ్వకు గూడ నువ్వే చెప్పు. నా నోటెంట వద్దు," అని పెట్టేశాడు.

భూమయ్య మెట్ల మీద నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో. మంకీ టోపీ తీసేసి పోయి కౌంటర్‌లో కూర్చున్నాను. సోమవారం, కిక్కిరిసి జనం. కోరుట్లవాళ్లు నలుగురు గుర్తుపట్టారు. ఒకామె మొగుడికి చెప్పి చూపించింది. ఏమీ కాలేదు. గది అద్దె తీసుకుని తాళంచెవి ఇచ్చాను.

25 జూలై

వినోద్ మెసేజి. "సంతకం పెట్టలె. ఇంక రెండేండ్లు."

27 జూలై

ముసురు. మూలవాగు నిండా పారుతోంది, బస్సులు ఆపేశారు. నిజం రాయాలంటే మొన్న, నిన్న బస్సులు నడిచాయి. ఇవాళే ఆగాయి. ఆగగానే బయల్దేరాలన్న తొందర వచ్చింది నాకు.

29 జూలై

సిరిసిల్ల. మగ్గాల మోతలో మాట వినపడక సుశీలను బయటికి పిలిచాను. జుట్టుకు దూది పోగులు. నాలుగు వారాల్లో చెంపలు పీక్కుపోయాయి. మే 26, మే 29 రెండూ చెప్పాను.

ఇన్నాళ్లు ఆమె ప్రశ్నలకు భయపడ్డాను. ఒక్కటే అడిగింది.

"తెలిసే చేసినవా?"

"తెలిసే."

లోపలికి పోయింది. అయిపోయిందనుకున్నాను. రవీందర్ వచ్చి, "బావా, అన్నం తిని పో," అని ఎటో చూస్తూ అన్నాడు. తిన్నాను. తింటుండగా సుశీల సంచీతో వచ్చి నిలబడింది. అందులో రెండు లుంగీలు, ఒక తువ్వాలు, నా బీపీ గోలీలు.

"జగిత్యాల దాక నేను గూడ వస్త. లోపటికి మాత్రం నువ్వొక్కనివే పోవాలె. ఎన్ని దినాలకు వస్తవో వచ్చినంక, నీతోని ఉంటనా లేదా అప్పుడు జెప్త."

31 జూలై, సోమవారం

జగిత్యాల పోలీస్ స్టేషన్. మేకల కేసు అనగానే రైటర్ పెద్ద కట్ట తీశాడు. బాధితుల జాబితాలో నా పేరు ఏడో నంబరు. ఎవరో నా మీద జాలిపడి రాయించారో, నాలుగు వందల మేకలకు గౌరవమిచ్చారో.

నేను చెబుతుంటే ఆయన రాస్తూ, మే 26 దగ్గర కలం ఆపాడు. ఇది రాస్తే బాధితుల్లో ఉండవు, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. వకీలును అడిగి రారాదా అన్నాడు. పెద్ద వకీలును నెల కిందే అడిగాను, రాయండన్నాను. ఏడో నంబరు మీద అడ్డగీత కొట్టాడు.

పెద్దసారు కరీంనగర్ పోయాడు, రేపు పది గంటలకు రమ్మన్నారు. తప్పించుకుపోవద్దని ఇద్దరి పూచీ రాయించుకున్నారు. ఒకరు మాతో వచ్చిన రవీందర్. రెండో సంతకం సుశీలది. రేపు లోపలికి పోయాక బయటికి ఎప్పుడొస్తానో తెలియదు. అందుకని సాయంత్రమే కోరుట్ల బస్సెక్కాం.

1 ఆగస్టు, పొద్దున

నిన్న దిగగానే లక్ష్మవ్వ ఇంటికి పోయాను. సుశీల సందు చివర ఆగింది. లక్ష్మవ్వ గడప ముందు వెలుతురుకు కూర్చుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ముందే తెలుసని, తెలిసే నీ గడప తొక్కానని.

కత్తెర ఆగలేదు. ఒక ఆకు, ఇంకో ఆకు. వినలేదేమోనని మళ్లీ చెప్పబోయాను.

"ఇన్న," అంది.

ఆకులన్నీ ఒక్కచోట చేర్చి, తడిబట్ట కప్పింది. అప్పుడు తల ఎత్తింది.

"గా దినం నా ఇంట్ల అన్నం తిన్నవు."

"తిన్న."

"కోడిగుడ్లు లేకుంటె పక్కింట్ల అడుక్కొచ్చి అండిన. పెద్దమనిషి మా ఇంట్ల తింటుండని సంబురపడ్డ."

ఇంకొంచెం కూర వేయమని అడిగి మరీ తిన్నాను ఆ రోజు. చెయ్యి కడుక్కున్నాక ఆమె తువ్వాలు ఇచ్చింది, బీరువాలోది, కొత్తది. ఆ తర్వాతే బ్యాంకు కాగితాల మీద వేలిముద్ర తీసుకున్నాను. రైటర్‌కు ఇవన్నీ చెప్పలేదు. అడగలేదు కదా అనుకున్నాను.

"ఇగ పో," అంది లక్ష్మవ్వ. "నా కండ్ల ముందట నిలవడకు."

వచ్చేశాను. సందు సగం కూడా దాటలేదు, వెనక ఆమె ఫోన్‌లో వినోద్‌తో మాట్లాడటం వినిపించింది. దాచాల్సిందేమీ లేని గొంతు. సందు చివర సుశీల కూడా ఆగి వింటోంది. పొద్దున ఏం తిన్నవు బిడ్డా అని అడుగుతోంది. ఆ భూమి వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నారట, ఇయ్యనీ అంటోంది. వానలకు ఇల్లు కురుస్తోందని, నువ్వొచ్చేదాకా రేకులు వేయించనని, వచ్చి నువ్వే చూసుకోవాలని చెబుతోంది.